స్టీరింగు చక్రము వణకుటకు గల కారణములు

ఇల్లాలికి రావలసిన విద్యలలో వాహనశాస్త్రము నొకటిగా మన పెద్దలు లెక్కింపలేదు. తోలువాడు తోలును, ఎక్కువా రెక్కుదురు, అంతటితో సరి. ఒక్క కైకేయి కథ మాత్ర మిందుకు భిన్నముగా మన యిండ్లలో చెప్పుకొనుట కలదు. యుద్ధమధ్యమున దశరథుని రథచక్రపు సీల ఊడగా, ఆమె తన వ్రేలినే ఇరుసులో నుంచి రథమును నిలిపెనని నాయనమ్మలు చెప్పుదురు. వాల్మీకమున నీ వ్రేలి కథ లేదు. అయినను దానిని కల్పించిన తల్లి యెవరోగాని, చక్రము కుదురు తప్పుటను బండిలో నున్న స్త్రీ గుర్తింపగలదని యెఱిగిన మనిషియే.

ఇప్పుడు తోలువారము మనమే. మా కర్మన్‌ఘాట్‌లో బడివేళకు వీథిలో నిలిచి చూచినచో, బిడ్డలను దింపుటకు పోవు కార్లలో ఎన్నింటినో స్త్రీలే నడుపుచుండుట కానవచ్చును. కొత్త బండి కొన్నవారు ధ్యానాంజనేయస్వామి కోవెల యెదుట నిలిపి పూజ చేయించి, చక్రముల క్రింద నిమ్మకాయ లుంచి ముందునకు నడిపింతురు. స్వామి రక్షించును గాక! కాని ఆ నిమ్మకాయను నలిపిన చక్రమే కొన్ని మాసముల పిదప వణక నారంభించినచో, కారణమును మనము వెదకికొనక తప్పదు. ఆ వెదకుట యెట్లో తెలుపుటకే యీ వ్యాసము.

ఈ వ్యాధికొక చిత్రమైన గుణము కలదు. అది యింటిదగ్గఱ కనబడదు. కర్మన్‌ఘాట్ నుండి చంపాపేట వైపునకు గాని, ఎల్.బి. నగర్ కూడలికి గాని పోవునపుడు, ఆ రద్దీలో, ఆ అడ్డకట్టలమీద గంటకు 40, 50 కిలోమీటర్లు మించి పోవు నవకాశమే యరుదు. ఆ వేగమున స్టీరింగు చక్రము బుద్ధిమంతురాలి వలె నుండును. హయత్‌నగర్ దాటి విజయవాడ మార్గమున వేగము 80 అందుకొనగనే, లేదా పెద్ద అంబర్‌పేటవద్ద ఔటర్ రింగురోడ్డెక్కగనే, అఱచేతులలో సన్నని యదురు మొదలగును. 90లో అది మోచేతుల దాక ప్రాకును. ఒక్కొక్కప్పుడు 105, 110 దాటినచో తానే తగ్గిపోవును. ఇల్లు చేరి మెకానిక్కుతో చెప్పుదుము. అతడు కాలనీ వీథిలో రెండు మలుపులు త్రిప్పి తెచ్చి, "ఏం లేదమ్మా, రోడ్డే ఖరాబున్నది" అనును. అత డబద్ధమాడలేదు. అతడు పోయిన వేగమున ఆ వ్యాధి యుండదు. రోగి నిద్రించుచుండగా నాడి చూచి జ్వరము లేదన్నట్లే యిదియును.

వేగమునకును వణకునకును గల యీ సంబంధము నెఱిగినగాని తక్కిన దేదియు బోధపడదు. చిన్న కారు టైరు చుట్టుకొలత సుమారు రెండు మీటర్లు. గంటకు 90 కి.మీ. వేగమున బండి సెకనునకు 25 మీటర్లు పోవును. అనగా ప్రతి చక్రము సెకనునకు పన్నెండు పదుమూడు మార్లు తిరుగును. 14 అంగుళముల రిమ్ము అంచున ఒకచోట 20 గ్రాముల బరువు అధికముగా నున్నదనుకొనుడు. 50 కి.మీ. వేగమున నది ముప్పాతిక కిలో బరువు వలె బయటికి గుంజును. 100 కి.మీ. వేగమున మూడు కిలోల వలె గుంజును. వేగము రెండింతలైన గుంజుడు నాలుగింత లగును. ఒక్క చుట్టునకు ఒక్క కుదుపు చొప్పున, సెకనునకు పన్నెండు కుదుపులు.

మఱి 110లో నేల తగ్గవలెను? ఇందుకు ఉయ్యాల యుదాహరణము చాలును. ఉయ్యాల కొక సహజమైన ఊగు కలదు. ఆ ఊగునకు సరిపోవునట్లు వ్రేలితో త్రోసినను అది యెత్తులకు లేచును. లయ తప్పి యెంత బలముగా త్రోసినను లేవదు. కారు ముందుభాగపు కడ్డీలకు, బుష్షులకు, స్టీరింగు స్తంభమునకు కలిపి యట్టి సహజమైన ఊగు ఒకటి కలదు. చక్రపు కుదుపులు దాని లయతో కలిసిన వేగముననే వణకు హెచ్చును. దాటిపోయిన తరువాత దోష మట్లేయుండియు చేతికి తెలియదు. కనుక "నూఱు దాటి పోనిచ్చిన సర్దుకొనును" అను పురుషుల యుపదేశము వినదగినది కాదు. ఔటర్ రింగురోడ్డుపై 2023 నుండి మొదటి రెండు వరుసలలో 120 వఱకు అనుమతి యుండుటచే, ఆ యుపదేశమును పాటించువారు తక్కువ మంది గారు.

ఈ బాధ నేడు పుట్టినదియు కాదు. 1923లో అమెరికాలో ఫైర్‌స్టోన్ సంస్థవారు, తక్కువ గాలితో నడచెడు లావుపాటి బెలూను టైర్లను తెచ్చిరి. ప్రయాణము మెత్తనైనది గాని, ముందు రెండు చక్రములకు నొకే దూలము ఇరుసుగా నుండిన ఆనాటి బండ్లలో ఆ చక్రములు అటు నిటు అల్లల్లాడ నారంభించినవి. ముందు చక్రములకు గూడ బ్రేకు లమర్చుట ఆ కాలముననే హెచ్చుటచే బాధ మఱింత ముదిరినది. దానికి షిమ్మీ యని అప్పటి యొక నాట్యము పేరు పెట్టుకొని నవ్వుకొనిరట! 1934 నాటికి జనరల్ మోటార్స్ వారు ముందు చక్రములు దేనికది కదలునట్లు అమర్చిన కార్లను విపణికి తెచ్చిరి. ఆ కృషిలో మారిస్ ఓలీ యను బ్రిటిష్ ఇంజనీరు ప్రముఖుడు. నేడు మనము నడుపు ప్రతి చిన్న కారును ఆ మార్పునకు ఋణపడియున్నది. ఐనను గుండ్రని వస్తువు గుండ్రముగా లేనంత కాలము ఏ అమరికయు దానిని దాచజాలదు.

ఇక కారణనిర్ణయము. తర్కసంగ్రహమును రచించిన అన్నంభట్టు మన తెలుగువాడు. పొగను జూచి నిప్పు నూహించుట యెట్లో బాలురకు నేర్పుటకై ఆ చిన్న గ్రంథమును వ్రాసెను. ఏది యున్నచోట కార్యము కలుగుచున్నదో, ఏది లేనిచోట కలుగుట లేదో చూడుమనుటయే అన్వయవ్యతిరేకముల సారము. మెకానిక్కుల షెడ్డులలో నా శాస్త్రమునకు మిక్కిలి యుపయోగము కలదు. కాని అచ్చట జరుగునది తఱచుగా వేఱు. ఒక వస్తువును మార్చుట, చూచుట. పోకున్న మఱియొకటి మార్చుట. మార్చిన ప్రతి వస్తువునకు వెల మనది.

కావున షెడ్డునకు పోవుటకు ముందే మన మడుగుకొనవలసిన ప్రశ్న "ఏమి చెడినది?" కాదు, "ఎప్పుడు వణకుచున్నది?" అనునది. బండి నిలిచి ఇంజను మాత్రము తిరుగుచుండగా వణకినచో అది చక్రముల దోషము కానేకాదు. ఇంజనును పట్టియుంచు రబ్బరు మౌంటింగులను చూడవలెను. యాక్సిలరేటరు త్రొక్కినపుడు వణకి, విడిచినంతనే మానినచో చక్రమునకు శక్తి నందించు డ్రైవ్ షాఫ్టు లోపలి కీలు అఱిగియుండును; దాని రబ్బరు తొడుగు చినిగి గ్రీసు చిమ్మియుండిన సందేహమే లేదు. వేగముతోపాటు హెచ్చు నొక మూలుగు వినబడి, మలుపులలో నది మాఱుచుండినచో బేరింగు. ఇవి మూడును తేలికగా తేలిపోవును. వీనిపై నెక్కువ వ్రాయ నక్కఱలేదు.

బ్రేకు వేసినపుడు మాత్రమే వణకుట వేఱు. 80లో పోవుచు మెల్లగా బ్రేకు నొక్కగా స్టీరింగు అదరి, పాదము క్రింద పెడలు గూడ నాడివలె కొట్టుకొనినచో, అది ముందు బ్రేకుల డిస్కుల దోషము. "డిస్కు వంగినది" అని షెడ్డులలో ననుట వాడుక. తఱచుగా నది వంగియుండదు. దాని మందము చుట్టును సమముగా నుండదు. మిల్లీమీటరులో కొన్ని శతాంశముల భేదమున్నను చేతికి తెలియును. మా పేటవారి కిందులో నొక ప్రత్యేకానుభవము కలదు. 2020 అక్టోబరులో కురిసిన మహావర్షమునకు సరూర్‌నగర్ చెఱువు పొంగి చుట్టుప్రక్కల కాలనీలు మునిగినవి. అట్లు నీటిలో దినములకొలది నిలిచిన బండ్ల డిస్కులపై, ప్యాడ్లు ఆనుకొనియున్న మేరకు ప్యాడు ఆకారముననే త్రుప్పు మచ్చ పడును. అది పైకి అఱిగిపోయినను గుంటలు మిగిలిన యెడల బ్రేకు తొక్కినప్పుడెల్ల ఆ మచ్చ పలుకరించుచునే యుండును. డిస్కు ఇంకను మందముగా నున్నచో లేతుమీద చెక్కించి సమము చేయవచ్చును. ఎంతవఱకు పలుచబడవచ్చునో ఆ కనిష్ఠపు కొలత సామాన్యముగా డిస్కుమీదనే చెక్కియుండును. దానికంటె తగ్గినచో కొత్తవి వేయింపవలసినదే; ఇది పొదుపునకు చోటు కాదు. ఆపదలో బలముగా బ్రేకు తొక్కినపుడు పాదము క్రింద టకటక కొట్టుకొనుట మాత్రము ఏ.బి.ఎస్. పని, దానికి భయపడి పాదము తీయరాదు.

ఇప్పుడు అసలు చిక్కునకు వత్తము. బ్రేకుతో సంబంధము లేక, యాక్సిలరేటరుతో సంబంధము లేక, ఒక వేగముననే వచ్చిపోవు వణకునకు మూలము చక్రములే. మొదట చేయవలసినది ఖర్చు లేనిది. వానకాలమున రిమ్ము లోపలి వైపున బురద పట్టి గట్టిపడియుండును. గొట్టముతో నీరు పట్టి కడిగిన మాత్రముననే పోయిన వణకులు గలవు. రిమ్ము అంచునకు బిగించిన సీసపు ముక్క గాని, అంటించిన బరువు బిళ్ల గాని రాలిపోయి, దానిచోట మచ్చ మాత్రము మిగిలినదేమో చూడవలెను. ఆ తరువాతనే బ్యాలెన్సింగు.

బోర్డులమీద అలైన్‌మెంటు, బ్యాలెన్సింగు అని కవలపిల్లల పేర్లవలె వ్రాయుటచే, రెండును ఒకటే యని చాల మంది తలంతురు. అలైన్‌మెంటు చక్రములు నిలిచెడు కోణమునకు సంబంధించినది. అది తప్పినచో బండి యొక ప్రక్కకు లాగును, టైరు ఒక వైపే యఱుగును. కాని నేరుగా వణకు పుట్టదు. వణకునకు అలైన్‌మెంటు చేసి సొమ్ము పుచ్చుకొనువాడు తలనొప్పికి కాలికి పట్టు వేయుచున్నాడు.

బ్యాలెన్సింగు చేయించినను వణకు పోలేదా? ఇచ్చటనే మనవారు మోసపోవుచున్నారు. మా వీథిలో నొక సోదరి ప్రతి శనివారము ఇద్దఱు బిడ్డలను కారులో కూర్చుండబెట్టుకొని నల్లగొండలోని పుట్టింటికి పోవుచుండును. పెనిమిటి పరదేశమున నున్నాడు. కారు పాతది కొన్నది. 80 నుండి 95 వఱకు స్టీరింగు వణకుచుండెను. ఒక దుకాణమున రెండు మార్లు బ్యాలెన్సింగు చేసిరి. యంత్రము సున్న చూపినది, వణకు పోలేదు. పిదప అలైన్‌మెంటు. తుదకు స్టీరింగు ర్యాకు మొత్తము మార్చవలెనని, అనేక వేల రూపాయల లెక్క వ్రాసియిచ్చిరి. ఆమె బంగారము తాకట్టు పెట్టుటకు కూడ సిద్ధపడినది.

ఆమె చేసిన మంచిపని యేమనగా, పాలలెక్క వ్రాసికొను పుస్తకముననే నెల దినములుగా వణకు లెక్క కూడ వ్రాసియుంచుట. ఏ వేగమున మొదలైనదో, ఎచ్చట హెచ్చినదో, బ్రేకు త్రొక్కిన నేమైనదో, పాదము తీసిన నేమైనదో అన్నియు అందులో కలవు. ఆ పుటలు చదివినవారికి ర్యాకుమీద ననుమానము కలుగుటకు కారణమే కనబడదు. ర్యాకు వదులైనచో అడ్డకట్టలమీద, గుంతలలో టకటక చప్పుడు రావలెను. స్టీరింగులో ఆట యుండవలెను. అవి లేవు. సరియని, మఱియొక టైరుపనివానిచేత ముందు రెండు చక్రములను వెనుకకును, వెనుకవానిని ముందునకును మార్పించితిమి. వేఱొకటి ముట్టవలదంటిమి. ఒకే మారు రెండు మార్పులు చేసినచో ఏది పనిచేసినదో బ్రహ్మకును తెలియదు.

మఱుసటి శనివారము స్టీరింగు నిశ్చలముగా నున్నది. వెనుక కూర్చున్న పిల్లవాడు మాత్రము "అమ్మా, సీటు గడగడలాడుతోంది" అనెను. ముందు చక్రపు దోషము చేతులకును, వెనుక చక్రపు దోషము పీఠమునకును తెలియుట సహజము. చక్రముతోపాటే వణకు వెనుకకు నడచినది. స్టీరింగు ర్యాకు ఉన్నచోటనే యున్నది. ఇంతకంటె స్పష్టమైన అన్వయవ్యతిరేకము తర్కశాలలో దొరకదు.

పిమ్మట వెనుక చక్రములు పైకెత్తించి, సుద్దముక్క నొకచోట కదలకుండ పట్టుకొని, చక్రమును చేతితో మెల్లగా త్రిప్పించితిమి. ఎడమవైపు చక్రమున ఒకచోట మాత్రమే సుద్ద గీచుకొనుచుండెను. ఆ చోట టైరు పైపట్టీ ఉబ్బియున్నది; లోపలి ఉక్కుతీగల పొర విడివడినది. ఎప్పుడో గుంతలో బలముగా పడియుండవచ్చును. యంత్రము సున్న ఏల చూపినదన్న సందేహము తీఱినది. ఆ యంత్రము బరువును తూచును గాని గుండ్రదనమును కొలువదు. ఉబ్బిన చోటికి ఎదురుగా సీసము అంటించినచో బరువు సమమగును. కాని గుడ్డువంటి చక్రమునకు సీసము అంటించిన మాత్రమున అది గుండ్రమగునా? కనుక బ్యాలెన్సింగు యంత్రము మీద చక్రము తిరుగుచుండగా ప్రక్కన నిలిచి, దాని అంచు పైకి క్రిందికి గాని, ప్రక్కలకు గాని ఊగుచున్నదా యని మనము చూడవలెను. రిమ్ము వంగినను అట్లే ఊగును. ఇందుకు విద్య యక్కఱలేదు. పూర్ణము బొబ్బట్టు గుండ్రముగా వచ్చినదో లేదో చూచు కన్ను చాలును.

ఆ టైరుపై గీతలు లోతుగానే యున్నవి. అందుచేతనే యెవరికిని అనుమానము తట్టలేదు. దాని ప్రక్కగోడపై డాట్ అను గుర్తుతో మొదలగు వరుస చివరను 2317 అని నాలు గంకెలు కలవు. అనగా 2017వ సంవత్సరము 23వ వారమున తయారైనదని యర్థము. పాత బండి కొనువారు మొదట చదువవలసిన అంకె లివి. గీతల నడుమ నుండు చిన్న రబ్బరు దిమ్మెలు 1.6 మిల్లీమీటర్ల గుర్తులు. గీత అఱిగి వానితో సమమైనచో టైరు పని తీఱినది. కాని లోతు చాలినంత మాత్రమున వయస్సు దాగదు. ఆ సోదరికి చివరకు ఖర్చైనది రెండు టైర్ల వెల మాత్రమే. ఆ యుబ్బు నట్లే యుంచి మఱి కొన్ని శనివారములు 95లో పోయియుండినచో, మే నెల యెండలో చౌటుప్పల్ దాటిన తరువాత నా టైరు పగిలి, బండి బిడ్డలతో సహా ఏ దిక్కునకు పోయియుండునో తలచుకొనుటకే నాకు చేతులు వణకును.

చక్రములు గుండ్రముగా నుండి, బరువు సమమై, మార్చినను వణకు కదలక ముందుననే నిలిచియున్నచో అప్పుడు కీళ్ల సంగతి. పనివాడు బండి నెత్తి స్టాండుమీద నిలిపిన పిదప, చక్రమును గడియారపు 9, 3 అంకెల చోట్ల పట్టి కదలింపుమనుడు. కదలినచో టై రాడ్డు చివర వదులైనది. 12, 6 అంకెల చోట్ల పట్టగా కదలినచో బాల్ జాయింటు గాని, బేరింగు గాని. కదలుటను మన కన్నులతో చూచిన తరువాతనే మార్చుటకు ఒప్పుకొనవలెను. మన మింటివద్ద జాకీ మాత్రమే పెట్టి బండి క్రిందికి దూరుట ఎన్నడును తగదు. బజారులో కొన్న అల్లాయి చక్రములైనచో నడిమి రంధ్రము హబ్బునకు సరిగా నతికినదో లేదో, నడుమ నుండవలసిన వలయము కలదో లేదో చూడవలెను. హబ్బుమీద త్రుప్పు పొర యున్నను చక్రము నిటారుగా కూర్చుండదు. తీగకుంచెతో రుద్ది బిగించిన చాలును.

కొన్ని లక్షణములు మాత్రము పరిశోధనకు గడు వీయవు. నిన్న లేని వణకు నేడు హఠాత్తుగా బలముగా వచ్చినను, 20, 30 వేగముననే బండి కుంటివాని వలె ఊగినను, వణకుతోపాటు టకటక శబ్దము హెచ్చుచుండినను, మెల్లగా ప్రక్కకు తీసి నిలుపవలెను. టైరు ఉబ్బియుండవచ్చును, లేదా నట్లు వదులై చక్రమే ఊడుటకు సిద్ధముగా నుండవచ్చును. అట్టి బండిని ఇంటివఱకు మెల్లగా నడిపించెదమను మాట వినరాదు. లాగుబండిని పిలుచుటయే మేలు.

మెకానిక్కుతో మాటలాడునపుడు "బండి వణుకుతోంది, చూడు నాయనా" అని విడువక, "ఎనభై నుండి తొంభై అయిదులో, బ్రేకు లేకుండ, స్టీరింగులో" అని మూడు మాటలు చెప్పినచో మంచి పనివానికి సగము పని తీఱును. అతనిని వెంటబెట్టుకొని హయత్‌నగర్ దాక పోయివచ్చుటకు గంట పట్టును. ఆ గంటకు కూలి యిచ్చుట, అక్కఱలేని వస్తువునకు వెల యిచ్చుటకంటె చౌక. మంచి పనివాడు ఆ ప్రయాణమునకు సంతోషముగా వచ్చును. రానని, చూడకయే పెద్ద వస్తువు పేరు చెప్పువానికి నమస్కరించి బండి త్రిప్పుకొని రావలెను.

చక్రములు విప్పి బిగించిన ప్రతిసారి యొక పని మిగిలియుండును. నట్లను వరుసగా చుట్టు త్రిప్పి గాక, ఎదురెదురు జతలుగా, అన్నింటిని సమముగా బిగింపవలెను. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ బిగించుటచే డిస్కు కుదురు తప్పి కొత్త వణకు పుట్టుట కలదు. ఏబది నూఱు కిలోమీటర్లు నడచిన తరువాత మరల నొకసారి అన్నింటిని సరిచూడవలెను. దానికి కావలసిన పానా డిక్కీలో, స్టెప్నీ ప్రక్కన నుండును.